మిగిలిన మాటలు

మా ఓడ పేరు హావ్‌డిస్.
కంపెనీవాళ్లు వేసిన తెల్లరంగు మీద
హాలిఫాక్స్‌లో ఒక్కరోజులో బూడిదరంగు పూసేశారు.
పేరూ దాని కిందే మునిగింది.
గంట మీద మాత్రం మిగిలింది,
వంటింటి గరిటెల కాడల మీద మిగిలింది.
రోజూ తోమేవాణ్ణి గనక నాకు తెలుసు.

అప్పటికి నాకు పదిహేడు.
ఓడ్‌వార్ చేతికింద బంగాళాదుంపలు చెక్కేవాణ్ణి.
కాళ్ల కింద తొమ్మిది వేల టన్నుల విమానాల పెట్రోలు.
నిప్పులేనిదే పొగ రాదంటారు.
మా దగ్గర పొగ వచ్చిందాకా ఎవరూ మిగలరు.
బూట్ల అడుగున మేకులన్నీ పీకించాడు బోసన్.
ఓడ్‌వార్ ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని
చెక్క రుచి పీల్చేవాడు,
కళ్లు మూసుకుని, నిజంగానే పొగ వదిలినట్టు.

నలభై ఓడలు, తొమ్మిది వరసలు.
కడుపుతో ఉన్న మనిషిని సంతలో
నలుగురూ చుట్టూ చేరి నడిపించినట్టు
ట్యాంకర్లని నడిమధ్య పెట్టేవారు.
అంచున కలప ఓడలు, గోధుమ ఓడలు.
సముద్రం ముందు అంచులే కొరుకుతుంది.
మాకది సిగ్గు. పైకి ఎవరూ అనలేదు.

ఫిబ్రవరి. ఐస్‌లాండ్‌కి దక్షిణాన ఎక్కడో.
చెత్తబకెట్ చీకటి పడ్డాకే పారబొయ్యాలి,
పగలైతే తొక్కల జాడ పట్టుకుని వస్తారు.
బకెట్ ఎత్తబోతుంటే
కొక్కేలకున్న పెనాలన్నీ ఒక్కసారి మోగాయి.
పక్క వరసలో ముందున్నది ఇనపరాయి ఓడ.
నేను కటకటా దగ్గరికి వచ్చేసరికే లేదు.
ఇనుముకి తేలడం ఏం తెలుసు.

నీళ్లలో ఎర్ర దీపాలు,
జాకెట్ల భుజాలకి కుట్టినవి,
అగ్గిపుల్ల తలంతేసి.
ఒకతను ఈల వేశాడు,
తప్పిపోయిన కుక్కని పిలిచినట్టు, నెమ్మదిగా.
ఆగకూడదని ఆజ్ఞ. ఆగలేదు.
పదకొండు దాకా లెక్కపెట్టాను.
అప్పుడు మా వెనకున్న ఓడ ముక్కు
నల్లగా అడ్డమొచ్చింది.
బకెట్ పారబోశానో లేదో గుర్తులేదు.

చుక్కాని దగ్గర ఆ రాత్రి తొర్లైఫ్.
తర్వాత రెండు రోజులు
ఏమడిగినా డిగ్రీలే చెప్పాడు.
కాఫీ కావాలా అంటే, డెబ్బై రెండు.
పడుకుంటావా అంటే, డెబ్బై రెండు.

లివర్‌పూల్‌లో రెడ్‌క్రాస్ బల్ల.
జర్మన్ల కింద ఉన్న ఊరికి ఉత్తరమంటే
ఇరవై ఐదు మాటలు,
ఇంటి సంగతులే, వానా మంచూ కూడా రాయకూడదు.
రాశాను:
అమ్మా, బాగున్నాను. వంట నేర్చుకుంటున్నాను.
మేజోళ్లు సరిపోయాయి.
తలుపు గొళ్లెం బాగుచేయించు.
నీ ఆర్న్‌ఫిన్.
వేళ్లు కత్తిరించిన ఉన్ని తొడుగులతో
బల్ల దగ్గరావిడ పెన్సిలు ఆనించి లెక్కపెట్టింది.
ఇంకా పద్నాలుగున్నాయి బాబూ, అంది.
నా వెనక వరస పెరుగుతోంది.
కాగితం అలాగే ఇచ్చేశాను.

యుద్ధం అయ్యాక హావ్‌డిస్‌ని తుక్కుకి అమ్మేశారు.
ఒక గరిట నేను దొంగిలించాను. అంతే నా జీతం అనుకోండి.

నలభై ఐదు వేసవిలో హౌగెసుండ్ చేరాను.
అమ్మ గరిటని తిప్పి తిప్పి చూసి మేకుకి తగిలించింది.
కాఫీ డబ్బాలోంచి ఆ కాగితం తీసింది,
మడతల దగ్గర బట్టలా మెత్తబడింది.
ఇంత చోటిస్తే ఎందుకురా మిగిల్చావు?
చలికి వేళ్లు వంగలేదన్నాను.
సరేలే అంది.
ఆ మిగిలినవి రోజుకొకలా నేనే చదువుకున్నాను,
ఒక్కోరోజు తిట్లు కూడా రాశావు.

రాత్రి పడుకోబోతూ చూస్తే
తలుపు ఇంకా ఓరగానే ఉంది.
గొళ్లెం అన్నాను.
చదివాన్లే అంది అమ్మ, దీపం తగ్గిస్తూ.
బాగుచేయిస్తే నువ్వు తట్టాల్సొచ్చేది.